బూరెగాడికి లీష్ మర్యాద: రెండు చోట్ల డబ్బు కట్టాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో కిందకొస్తే తెలుస్తుంది. ఇది ఇంటికొచ్చి కుక్కకి లీష్ (కుక్కని పట్టుకుని తిప్పే తాడు) మీద సరిగ్గా నడవడం నేర్పే ఒక ట్రైనర్ గురించిన రివ్యూ, ఊరు విశాఖపట్నం. ఎనిమిది సెషన్లు, సెషన్‌కి 1,200 చొప్పున మొత్తం 9,600 రూపాయలు అయింది. పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే దీనికి ముందు ఇంకోచోట 21 రోజుల బోర్డింగ్ ట్రైనింగ్‌కి 26,000 తగలేశాం, ఆ కథ కూడా ఇక్కడే చెప్పాలి, ఒకరి పేరు రాసి ఇంకొకరిది దాస్తే బాగుండదు. అయినా ఎవరి దగ్గరికి వెళ్లినా డబ్బు కట్టేముందు ఏం అడగాలో తెలిస్తే చాలు, నాకైతే అది ఆలస్యంగా తెలిసింది.

మావాడి పేరు బూరె. లాబ్రడార్, ఏడాదిన్నర వయసు, 29 కిలోలు. తెచ్చిన కొత్తలో గుండ్రటి పొట్టతో, అప్పుడే నూనెలోంచి తీసిన పూర్ణం బూరె రంగులో ఉండేవాడని అమ్మ పెట్టిన పేరు అది. ఎనిమిది నెలలు దాటేసరికి బూరె పోయి ఆంబోతు మిగిలింది. మాది ఎంవీపీ కాలనీ, మూడో అంతస్తు. గేటు దాటామంటే చాలు ఒకటే లాగుడు. రైతుబజారు వైపు వెళ్తే కరివేపాకు కట్టల దగ్గర్నుంచి చేపల బుట్ట దాకా అన్నిట్లోనూ ముక్కు పెట్టాల్సిందే. వీధి మలుపులో కూరల బండి పెట్టే ఆవిడైతే దూరం నుంచి మమ్మల్ని చూడగానే బండి గోడవారకి జరిపేసుకునేది.

ఒకరోజు పొద్దున్న నాన్న కిందపడ్డారు. ఆయనకి 64. బటన్ నొక్కితే సాగే రిట్రాక్టబుల్ లీష్ అప్పట్లో వాడేవాళ్లం, పిల్లిని చూసి వీడు దూకాడు, సన్నటి తాడు సర్రున సాగిపోతుంటే నాన్న కంగారులో ఆ తాడునే చేత్తో పట్టుకున్నారు. వేళ్లు కోసుకుపోయాయి, మోకాలు చెక్కుకుపోయింది, రెండు కుట్లు పడ్డాయి. అమ్మ ఇంక చాలు, డాబా మీద కట్టేసి పడెయ్యండి అంది. నేను ఫోన్లో వెతికి మరీ చదివి వినిపించాను, 1960 నాటి జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టంలో, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని యజమాని తగినంత తిప్పకపోవడం కూడా నేరమేనని. అమ్మ అంతా విని, "మీ నాన్నని రోడ్డు మీద పడెయ్యడం ఏ చట్టంలో ఉందో అది కూడా వెతుకు" అంది.

అలా బోర్డింగ్‌కి పంపించాం. మూడు వారాలు మీ కుక్కని మా దగ్గర వదిలేయండి, బంగారంలా తిరిగొస్తుంది అన్నారు. రోజూ వీడియో పంపేవాళ్లు, చూస్తే ముచ్చటేసేది, పరేడ్‌లో ఎన్‌సీసీ కుర్రాడిలా వాళ్ల ట్రైనర్ ఎడమ మోకాలికి అతుక్కుని నడుస్తున్నాడు మావాడు. అప్పగించే రోజు పావుగంట చూపించారు, మెడకి స్టీలు చోక్ చైన్ వేసి, లాగితే ఇలా ఒక్క గుంజు గుంజండి అని చెప్పి పంపేశారు. ఇంటికొచ్చాక వారం రోజులు నిజంగానే బాగున్నాడు. తర్వాత మెల్లగా ఒక అడుగు ముందుకి, రెండడుగులు ముందుకి, పదో రోజుకి మళ్లీ మొదటికొచ్చాడు. కాకపోతే ఈసారి చైన్ బిగిసి దగ్గుతూ లాగేవాడు. డాక్టరు చూసి ఆ గొలుసు తీసేయమన్నారు, గొంతు గొట్టానికి దెబ్బ, మెడ మీద ఒత్తిడి పడితే కళ్లలో ఒత్తిడి కూడా పెరుగుతుంది అన్నారు. వాళ్లకి ఫోన్ చేస్తే, మీరు సరిగ్గా హ్యాండిల్ చేయట్లేదండీ అన్నారు. అది నిజమే. కానీ ఆ నిజమేదో 26,000 తీసుకోకముందు చెప్పాల్సింది.

ఎందుకిలా అయిందో అప్పుడు అర్థం కాలేదు, రెండో ట్రైనర్ చెప్పాక తెలిసింది. కుక్క ఏది నేర్చుకున్నా అది ఎక్కడ, ఎవరితో, మెడకి ఏం ఉండగా నేర్చుకుందో వాటన్నిటితో కలిపి నేర్చుకుంటుందట. ఆ మనిషి, ఆ గ్రౌండు, ఆ గొలుసు ఉంటే పక్కన నడవాలి అని మావాడు నేర్చుకున్నాడు. మా వీధిలో మా నాన్నతో ఎలా నడవాలో వాడికి ఎవరూ చెప్పలేదు, కాబట్టి తనకి ముందునుంచీ తెలిసిన పద్ధతే పాటించాడు.

ఈ రెండో ఆవిడకి ఫోన్ చేసినప్పుడు జాతి, వయసు అడక్కుండా ముందు అడిగిన ప్రశ్న, ఇంట్లో వీణ్ని ఎంతమంది తిప్పుతారు అని. నలుగురం అన్నాను, నేను, నాన్న, అప్పుడప్పుడు అమ్మ, హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు తమ్ముడు. అయితే వీలైనంతమంది ఇంట్లో ఉండే టైమే చెప్పండి, లేకపోతే రాను అంది. నాకు కొంచెం ఓవర్ అనిపించింది, కానీ ఆ ప్రశ్నలోనే అంతా ఉందని తర్వాత తెలిసింది.

మొదటి సెషన్లో మెట్లు కూడా దిగలేదు. చెప్పుల స్టాండ్ చప్పుడైతే చాలు మావాడు గంతులు మొదలుపెడతాడు, లీష్ చూస్తే గాల్లోనే ఉంటాడు, అంటే గేటు దాటకముందే పిచ్చి తలకెక్కి ఉంటుందన్నమాట. ఆవిడ చేయించిందల్లా లీష్ తీయడం, మళ్లీ మేకుకి తగిలించడం, వచ్చి సోఫాలో కూర్చోవడం. మళ్లీ తీయడం, మళ్లీ తగిలించడం. పదిహేడుసార్లు, నేను లెక్కపెట్టాను. పద్దెనిమిదోసారికి వాడు నిట్టూర్చి నేల మీద పడుకున్నాడు, అప్పుడు మెల్లగా వెళ్లి తగిలించింది. తర్వాత తలుపు. తెరిస్తే దూసుకెళ్తాడు, మూసేయడం, కూర్చుంటే తెరవడం. అంతే, టైమ్ అయిపోయింది. ఆవిడ వెళ్లాక నాన్న, "1,200 ఇచ్చింది హాల్లో తలుపు తీసి వేయడానికా" అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నా.

రెండో సెషన్ నుంచి పార్కింగ్‌లో. ఇక్కడ ఆవిడ చెప్పిన మాట ఒకటి బాగా పట్టుకుంది: తాడు బిగిసి ఉండగా మనం ఒక్క అడుగు ముందుకేసినా వాడికి జీతం ఇచ్చినట్టే. లాగాడు, చెట్టు దగ్గరికి చేరాడు, జీతం ముట్టింది, రేపు ఇంకా బాగా లాగుతాడు. ఏడాదిగా మేం ఇచ్చింది అదే. ఇప్పుడు తాడు బిగిస్తే ఆగిపోవాలి, తిట్టకూడదు, గుంజకూడదు, స్తంభంలా నిలబడాలి. వాడు వెనక్కి చూసి తాడు కాస్త వదులు కాగానే నడక మొదలు. చెప్పుకోడానికి ఇంతే గానీ చేస్తే తెలుస్తుంది, మొదటిరోజు మా గేటు నుంచి వీధి చివరికి మహా అయితే 80 మీటర్లు, 25 నిమిషాలు పట్టింది. పాలబ్బాయి వెళ్తూ చూశాడు, ఇళ్లన్నీ వేసి తిరిగొస్తూ చూశాడు, మేం అదే కరెంటు స్తంభం దగ్గర ఉన్నాం.

దాంతోపాటు అడుగుల లెక్క. ఒక అడుగు తాడు వదులుగా నడిస్తే ఒక తిండి ముక్క. తర్వాత రెండు అడుగులకి ఒక ముక్క, మూడింటికి ఒకటి, అలా పెంచుకుంటూ పోవాలి, మధ్యలో తాడు బిగిసిందో మళ్లీ ఒకటి నుంచి మొదలు. అచ్చం వైకుంఠపాళీ. నాన్న పదకొండు దాకా వెళ్లి మూడుసార్లు పాము నోట్లో పడ్డారు. ఆయనకి పంతం పట్టుకుంది, ఆ సాయంత్రం నన్ను కూడా రానివ్వకుండా ఒక్కరే పార్కింగ్‌లో వాణ్ని తిప్పుతూ పైకి వినపడేలా లెక్కపెట్టారు. ముక్క ఎక్కడ ఇవ్వాలన్నది కూడా ముఖ్యం, మన ఎడమ ప్యాంటు కుట్టు దగ్గర, మోకాలి పక్కనే. చెయ్యి ముందుకు చాపి ఇస్తే కుక్క కాళ్లకి అడ్డం వస్తుంది, నేను అలాగే ఇచ్చి ఒకసారి వాడి మీద పడబోయాను.

ముక్క అంటే గుర్తొచ్చింది, మాది శాకాహారం ఇల్లు. ఆవిడ మామూలుగా ఉడకబెట్టిన చికెన్ తెచ్చుకోండి అనేసింది, అమ్మ మొహం చూసి ఆగింది. ఇక్కడ మెచ్చుకోవాలి, కొందరిలా కుక్కకి మాంసం పెట్టకపోతే ఎలా అని క్లాసు పీకకుండా, ఇంట్లో ఉన్నవే ఐదు రకాలు తెమ్మంది. పనీరు, చీజ్, పచ్చికొబ్బరి, ఉడికించిన చిలగడదుంప, ఉప్పు లేని వేయించిన వేరుశెనగ. నేల మీద పెడితే వాడు ముందు పనీరు, తర్వాత చీజ్. అయితే రోడ్డు మీద పనీరు, ఇంట్లో చిలగడదుంప అని తేల్చింది, బయట వాడి దృష్టి లాగేవి ఎక్కువ కాబట్టి అక్కడ కూలి ఎక్కువ ఇవ్వాలట. ముక్క శెనగగింజంత ఉంటే చాలు, పెట్టిందంతా రాత్రి భోజనంలో తగ్గించాలి. ఇంతలో అమ్మ పూజగదిలోంచి ఎండుద్రాక్ష తెచ్చింది, ఇవీ ఇష్టంగా తింటాడమ్మా అని. ట్రైనర్ గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపేసింది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలు దెబ్బతీస్తాయట, ఉల్లిపాయా మంచిది కాదట. ప్రసాదం పేరుతో ఎన్నిసార్లు పెట్టామో, ఏమీ కాకపోవడం మా అదృష్టం. ఈ ఒక్క మాటకి 9,600 ఇచ్చినా తప్పులేదనిపించింది ఆ రోజు.

ఇంకో గోల మా మాటలది. వాడి లాగుడు ఆపడానికి నేను స్టాప్ అంటా, నాన్న ఆగరా అంటారు, అమ్మ వద్దు నాన్నా అంటుంది, తమ్ముడు ఎక్కడో వీడియోలో చూసి హీల్ (పక్కనే నడువు అని) అంటాడు. నాలుగు భాషల్లో ఒకే సంగతి చెప్తే వాడికి ఏది అర్థమవుతుంది. ట్రైనర్ నాలుగు మాటలు ఖాయం చేసి ఫ్రిజ్ మీద అంటించింది: పక్కనే, పద, వాసన చూడు, వదిలెయ్. ఈ వాసన చూడు అన్నదే నాకు బాగా నచ్చింది. మేం ఎప్పుడూ వాడు చెట్టు దగ్గర ఆగితే విసుక్కుని లాక్కెళ్లేవాళ్లం. అది వాడికి పేపరు చదవడం లాంటిది, చదవనివ్వండి, కాకపోతే మీరు సరే అన్నాక చదవాలి అంది. ఇప్పుడు ఇరవై అడుగులు పక్కనే నడిస్తే ఒక చెట్టు దొరుకుతుంది. పనీరు లేని రోజు కూడా ఈ బేరం నడుస్తుంది.

సామాన్ల గురించి కొంచెం. చోక్ చైన్, సాగే లీష్ రెండూ మొదటిరోజే పక్కన పెట్టించింది. సాగే లీష్‌లో స్ప్రింగు వల్ల తాడు ఎప్పుడూ కాస్త బిగుతుగానే ఉంటుంది, పైగా లాగితే ఇంకా తాడు వస్తుంది, అంటే అది లాగుడు నేర్పే మెషీను. మామూలు ఆరడుగుల నైలాన్ లీష్, ఛాతీ ముందు కూడా రింగు ఉండే హార్నెస్ (మెడకి కాకుండా ఒంటికి తొడిగే పట్టీలు) కొనమంది, హార్నెస్ 1,450 అయింది. ముందు రింగుకి తగిలిస్తే లాగినప్పుడు ఒళ్లు పక్కకి తిరుగుతుంది, బలమంతా ముందుకు పెట్టలేడు. తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది, నాన్నకి ధైర్యం వచ్చింది కూడా దానివల్లే. కానీ ఇది తగిలించేసి ట్రైనింగ్ మానేస్తే నెలలో దీన్ని కూడా లాగడం నేర్చుకుంటాడు అని హెచ్చరించింది. ఆవిడ చెప్పనిది, మేం దెబ్బతిని తెలుసుకున్నది ఇంకోటుంది. మన సముద్రపు గాలికి స్టీలు కొక్కెం రెండు నెలల్లో తుప్పు పట్టి నొక్కితే కదలడం మానేసింది, ఇత్తడి కొక్కెం ఉన్నదే కొనండి. బీచ్ నుంచి వచ్చాక హార్నెస్ మంచినీళ్లలో ముంచకపోతే ఉప్పు గరుకుకి చంకల్లో ఒరుసుకుపోతుంది, బూరెగాడికి ఎర్రగా కంది మూడు రోజులు వేయలేకపోయాం.

అందరికన్నా బాగా ఎవరు చేశారో తెలుసా, అమ్మ. కట్టేసి పడెయ్యండి అన్న మనిషే. ఆవిడకి తొందర లేదు, ఎక్కడికీ చేరాల్సిన పని లేదు, వాడు ఆగితే ఆగుతుంది, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటుంది, తాడు ఊయలలా వేలాడుతూనే ఉంటుంది. నాన్నది ఇంకో రకం. తాడు చేతికి రెండు చుట్లు చుట్టి పిడికిలి బిగించి పట్టుకుంటారు, సగం వీధి అవతల కుక్క కనపడితే చాలు తెలియకుండానే వెనక్కి లాగుతారు. అంకుల్, కుక్క వస్తోందని వాడికి మీరే చెప్తున్నారు అంది ట్రైనర్. వాడు ఇంకా చూడనే లేదు, తాడు బిగిసింది కాబట్టి టెన్షన్ పడాల్సిందేదో ఉందని వెతికి చూశాడు. అది మాత్రం నేను కళ్లారా చూశాను. నాన్న ఆ తర్వాత చుట్టడం మానేశారు, బొటనవేలికి కొస తగిలించుకుని మిగతాది అరచేతిలో మడత పెట్టుకుంటున్నారు.

ఇప్పుడు కోసిన స్టారు సంగతి. మన ఊళ్లలో లీష్ మీద కుక్కని తిప్పడమంటే సగం వీధికుక్కల్ని దాటడమే. మా ఇంటి నుంచి బీచ్ రోడ్డుకి వెళ్లాలంటే కుక్కల గుంపుల హద్దులు మూడు దాటాలి. దానికి ఆవిడ కేటాయించింది ఒక్క సెషన్. నేర్పినంత వరకు బాగానే నేర్పింది, దూరంలోనే చూసి యూ టర్న్ కొట్టడం, ఆ టర్న్‌ని కుక్కల్లేని చోట రోజుకి ఇరవైసార్లు ప్రాక్టీసు చేసి ఉంచుకోవడం, దాటాల్సి వస్తే పనీరు ముక్కలు నేల మీద చల్లితే వీడి తల కిందకి దిగి అవతలి వాటిని గుడ్లప్పగించి చూడడం ఆగుతుంది, అవీ కాస్త మెత్తబడతాయి. గుంపుకి అన్నం పెట్టే టైమ్‌లో ఆ దారిన పోవద్దంది. కానీ వెనకనుంచి రెండు వెంటపడితే ఏం చేయాలన్న దానికి, పరిగెత్తకండి, మధ్యలో మీరు నిలబడండి అని చెప్పి ఊరుకుంది, ఒక్కసారి చేసి చూపించలేదు. నాకు కావలసింది అదే. రెండు సెషన్లు దీనికే పెట్టి ఉంటే ఐదు స్టార్లూ ఇచ్చేవాణ్ని.

ఇంకా చిన్నచిన్నవి ఉన్నాయి. రెండుసార్లు పొద్దున 5:50కి, ఈ రోజు కుదరదు అని మెసేజ్. అప్పటికే అమ్మ పనీరు కోసేసి ఉంది. హోంవర్కు వీడియోలు ఇంగ్లిష్‌లో పంపింది, నేను చూస్తాను గానీ నాన్నకి ఎలా, అడిగితే తెలుగులో వాయిస్ మెసేజ్‌లు పెట్టింది, అవి వీడియోల కన్నా బాగున్నాయి, మొదట్నుంచీ అవే పెట్టొచ్చు కదా.

ఏడో సెషన్ ఆర్కే బీచ్‌లో. పొద్దున్నే కాసేపు అక్కడ రోడ్డు మీద బళ్లు రానివ్వరు కాబట్టి హారన్ల గోల ఉండదు, కానీ మిగతాదంతా ఉంటుంది, వాకింగ్ వాళ్లు, స్కేటింగ్ పిల్లలు, యోగా చాపలు. కుర్సురా సబ్‌మరైన్ మ్యూజియం దగ్గర మొదలుపెట్టాం. రాత్రి జనం తిని పడేసిన మురీ మిక్చర్ కాగితాలు, మొక్కజొన్న కండెలు ఎక్కడ చూసినా. కండె మింగితే పేగుల్లో అడ్డం పడి ఆపరేషన్ దాకా పోతుందట, అందుకే వదిలెయ్ అన్న మాటని ఆవిడ ఇక్కడే గట్టిగా పట్టించింది, నోట్లో ఉన్నది వదిలితే దానికన్నా మంచిది దొరుకుతుంది అన్న లెక్కలో. వాడు మొదటి కండె వదల్లేదు, రెండోది వదల్లేదు, మూడోది చీజ్ చూసి వదిలాడు. తర్వాత ఇసుకలోకి దిగి పది మీటర్ల పొడుగు తాడు, అదైతే హార్నెస్ వెనక రింగుకే తగిలించాలి, ముందు రింగుకి తగిలిస్తే పరిగెత్తినప్పుడు కాళ్లకి చుట్టుకుని బోల్తా పడతాడు. అలల దగ్గర వాడు పరిగెత్తి, పిలిస్తే తిరిగొచ్చిన ఆ పది నిమిషాలు నాన్న వీడియో తీసి బంధువుల గ్రూపులో పెట్టారు, కుట్లు పడిన చెయ్యి కూడా కనపడేలా.

మూడు నెలలైంది. పది వాకింగ్‌లలో ఎనిమిది హాయిగా అవుతున్నాయి. పిల్లి కనపడితే ఇంకా గ్యారంటీ లేదు, చేపల బుట్ట ముందు పనీరు పనిచేయదు. కూరల బండావిడ మాత్రం బండి జరపడం మానేసింది, మొన్నొకసారి క్యారెట్ ముక్క కూడా ఇచ్చింది.

తీసుకోవాలా అంటే, కుక్కపిల్లకైనా, మావాడిలా ఉత్సాహం పట్టలేక లాగేవాడికైనా తీసుకోండి. మనుషుల్ని చూసి భయపడి గుర్రుమనే కుక్కకి, కరిచిన కుక్కకి ఇది సరిపోదు, ముందు డాక్టరుకి చూపించాలి, నొప్పి ఉండి కూడా అలా చేస్తాయి. బోర్డింగే కావాలనుకుంటే మాత్రం, తిరిగొచ్చాక మా ఇంట్లో మా చేతికి లీష్ ఇచ్చి ఎన్ని రోజులు నేర్పిస్తారు అని అడగండి. పావుగంట అంటే పర్సు లోపల పెట్టేసుకోండి.

తమ్ముడు సెషన్లలో ఒక్కదానికీ లేడు. పోయిన నెల వచ్చినప్పుడు రెండు రోజులు వాడే తిప్పాడు, హీల్ హీల్ అనుకుంటూ, బూరెగాడు వాణ్ని కాలనీ అంతా ఈడ్చుకొచ్చాడు, అదే కుక్క అదే సాయంత్రం అమ్మ పక్కన బుద్ధిగా నడిచింది. సంక్రాంతికి మళ్లీ వస్తున్నాడు. ట్రైనర్‌కి ఇంకో 1,200 పంపించి ఒక సెషన్ బుక్ చేశాను, ఈసారి తమ్ముడికి.